గార్డ్నర్ ఫాక్స్

గార్డ్నర్ ఫాక్స్ (మే 20, 1911 - డిసెంబరు 24, 1986) ప్రముఖ అమెరికన్ కామిక్స్ కథారచయిత, నవలాకారుడు. పలువురు సూపర్ హీరోలు ఒకే జట్టుగా కలిసి పోరాడే కథలకు ఈయన ఆద్యుడు. మితిమీరిన ప్రచారం పొందిన వీరుడు జట్టులో ఉన్నప్పుడు పాఠకులకు విసుగు కలగకుండా కథ నడిపిన తీరు ఈయన రచనలలోని విశేషం.

బాల్యం, విద్య

ఫాక్స్ న్యూయార్క్ నగరంలోని బ్రూక్లిన్‌లో జన్మించాడు. బాల్యంలో చదివిన ఎడ్గార్ రైస్ బరోస్ అంగారక గ్రహ నవలలు ఈయనను ఎంతగానో ప్రభావితం చేసాయి. సెయింట్ జాన్స్ విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్ర పట్టా పొందాడు. ఆర్థిక మాంద్యం కాలంలో న్యాయవాద వృత్తిని వదలి, తరువాత డీసీ కామిక్స్‌గా ప్రసిద్ధమైన సంస్థకు కథలు వ్రాయసాగాడు.

జస్టిస్ సొసైటీ

1940 చివరలో వెలువడిన ఆల్ స్టార్ కామిక్స్ 3వ సంచికలో సంపాదకుడు షెల్డన్ మేయర్‌తో కలిసి జస్టిస్ సొసైటీ ఆఫ్ అమెరికాను రూపొందించాడు. ఇది సూపర్ హీరోల మొట్టమొదటి జట్టుగా పరిగణింపబడుతున్నది. సొంత పత్రిక లభించిన వీరుడు జట్టునుండి తప్పుకొని గౌరవ సభ్యుడు కావాలన్నది ఈ జట్టు నియమం. ఆ ప్రకారమే ఫ్లాష్ నిష్క్రమించాడు. సూపర్‌మాన్, బాట్‌మాన్‌లు గౌరవ సభ్యులుగానే ఉన్నారు. ఈ ఏర్పాటు వలన అంతగా పేరులేని వీరులకు అవకాశం దక్కింది.

జస్టిస్ లీగ్

1960లో సంపాదకుడు జూలియస్ ష్వార్ట్జ్, చిత్రకారుడు మైక్ సెకోవ్‌స్కీలతో కలిసి ఫాక్స్ జస్టిస్ లీగ్ ఆఫ్ అమెరికాను ప్రారంభించాడు. సూపర్‌మాన్, బాట్‌మాన్‌లు ఇందులో సభ్యులే. అయితే వారి పత్రికల సంపాదకులు ఈ వీరులను అతిగా వాడటానికి ఇష్టపడలేదు. అందువలన మొదటి కథలో వీరిద్దరూ వేరే పనులలో ఉన్నట్లు చూపి, ప్రధాన పోరాటాన్ని మిగిలిన ఐదుగురికి అప్పగించాడు. ముఖచిత్రంపై కూడా ఆ ఐదుగురే కనిపిస్తారు. జట్టును చిన్న బృందాలుగా విడదీసి, ఒక్కొక్క బృందానికి ఒక్కొక్క పని ఇచ్చి, చివర అందరినీ కలపడం ఈయన పద్ధతి. దీనివలన అతి బలవంతుడైన ఒక్కడే సమస్యను పరిష్కరించే అవసరం లేకపోయింది.

1963లో పాత జస్టిస్ సొసైటీని వేరొక భూమికి చెందిన జట్టుగా చూపి లీగ్‌తో కలిపాడు.

బాట్‌మాన్ కథలు

1964లో బాట్‌మాన్ పత్రికలు ష్వార్ట్జ్ చేతికి వచ్చాయి. గ్రహాంతరవాసుల కథలను తగ్గించి అపరాధ పరిశోధనకు ప్రాధాన్యమిచ్చిన ఈ మార్పులో ఫాక్స్ పాలుపంచుకున్నాడు. 1948 తరువాత కనబడని రిడ్లర్ పాత్రను 1965లో తిరిగి తెచ్చాడు. 1966లో ప్రారంభమైన టెలివిజన్ ధారావాహికతో బాట్‌మాన్‌కు విపరీతమైన ఆదరణ లభించింది. దాంతో లీగ్ పత్రికలోనూ అతడే ముందుకు వచ్చాడు. ఫాక్స్ పాటించిన సమతూకం అప్పుడు కొంత దెబ్బతిన్నది.

చివరి దశ

ఆరోగ్య బీమా వంటి సౌకర్యాలు కోరిన సీనియర్ రచయితలలో ఫాక్స్ ఒకడు. 1968లో డీసీలో ఈయనకు పని నిలిచిపోయింది. తాను రూపొందించిన లీగ్ కథలను డెనిస్ ఓనీల్ కొనసాగించాడు. ఆ తరువాత ఫాక్స్ ఎక్కువగా నవలలు వ్రాసాడు. వాటిలో కోథార్, కిరిక్ సాహస నవలలు చెప్పుకోదగినవి. న్యూజెర్సీలోని ప్రిన్స్‌టన్‌లో మరణించాడు. 1999లో ఐస్నర్ పురస్కారాల హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఈయనకు స్థానం లభించింది.

ఈయన మరణానంతరం 1987లో కీత్ గిఫెన్, డిమాటిస్‌లు సూపర్‌మాన్ లేకుండానే లీగ్‌ను కొత్తగా ప్రారంభించారు. ప్రసిద్ధ వీరుని ప్రక్కనపెట్టి ఇతరులను వెలుగులోకి తెచ్చే ఫాక్స్ నాటి పద్ధతి ఆ విధంగా మరల కనిపించింది.