హిండెన్‌బర్గు సేనాని: యుద్ధకీర్తియు ప్రజామతమును



శౌర్యమువలన గలిగిన కీర్తి రాజ్యపాలనకు యోగ్యతాప్రమాణ మగునా యను ప్రశ్న మిగుల ప్రాచీనమైనది. జర్మనీ దేశపు సేనాధిపతియగు హిండెన్‌బర్గు చరిత్రము దీనికి తగిన యుదాహరణము. అది సంఘకార్యములు నిర్వహించు మనకును బోధకరమగుటచే సంగ్రహముగా విన్నవించుచున్నాడను.

పాల్ వాన్ హిండెన్‌బర్గు 1847వ సంవత్సరము అక్టోబరు 2వ తేదీన, నేడు పోలండులో జేరియున్న పోజెన్ నగరమున, సైనికవృత్తిగల కులీనకుటుంబమున జన్మించెను. 1866లో ఆస్ట్రియాతోను, 1870లో ఫ్రాన్సుతోను జరిగిన యుద్ధములయందు పాల్గొని, క్రమముగా ఉన్నతపదవుల నధిరోహించి, 1911లో విశ్రాంతి గైకొనెను.

1914 ఆగస్టులో రష్యాసేనలు తూర్పుప్రష్యాలో బ్రవేశింపగా, అరువదియారేండ్ల వయస్సున నాయనను మరల బిలిపించిరి. టానెన్‌బర్గు యుద్ధమున సుమారు 90 వేలమంది రష్యనులు బందీలైరి. ఈ జయమున లూడెన్‌డార్ఫు మొదలగు సహచరుల బుద్ధిబలము మిక్కిలి కలదు. ఐనను కీర్తి ముఖ్యముగా వృద్ధసేనానినే వరించెను. 1915లో బెర్లిను నగరమున ఆయన దారువిగ్రహమును నిలుపగా, జనులు ధర్మార్థము ద్రవ్యమిచ్చి, భక్తితో దానియందు మేకులు దిగగొట్టిరి.

1918లో జర్మనీ యోడిపోయెను. ఆ సెప్టెంబరున యుద్ధవిరామము వెంటనే కోరవలెనని చెప్పినవారిలో నాయనయు నొకడు. ఐనను మరుసటియేట విచారణసంఘము నెదుట, సేనకు వెనుకనుండి పోటు తగిలెనని సాక్ష్యమిచ్చెను. ఓటమినింద నూతన ప్రజాప్రభుత్వముపై బడెను. విజయకీర్తి మాత్ర మాయనయందే నిలిచెను.

1925లో అధ్యక్షుడు ఎబర్టు మరణింపగా, ప్రాతరాజరికమునం దభిమానముగల పక్షములవారు 77 ఏండ్ల యీ వృద్ధుని అభ్యర్థిగా నిలిపిరి. రాజకీయపదవులయం దాయనకు అనుభవము లేదు. ప్రజలు టానెన్‌బర్గు వీరునే చూచి, 1 కోటి 46 లక్షల వోట్లిచ్చిరి. ప్రత్యర్థియగు విల్‌హెల్మ్ మార్క్సుకంటె ఆధిక్యము సుమారు 9 లక్షలు మాత్రమే.

1932లో, హిట్లరు నడ్డగింప సమర్థు డీయన యొక్కడే యని తలచి, పూర్వ మెదిరించిన పక్షములవారే ఆయనను గెలిపించిరి. పదినెలలు నిండకమునుపే, 1933 జనవరి 30న, హిట్లరును ప్రధానిగా నియమించినవా డాయనయే. మరుసటినెలలో పౌరస్వాతంత్ర్యముల నడచు శాసనముపై చేవ్రాలు చేసెను. 1934 ఆగస్టు 2న మరణింపగా, టానెన్‌బర్గు స్మారకమందిరముననే సమాధి చేసిరి.

యుద్ధమున శూరుడు గావున పాలనయందును సమర్థుడని యూహించుట తర్కశాస్త్రరీత్యా హేత్వాభాసము. ఆ దోషమునకు జర్మనులేగాక లోకమంతయు మూల్యము చెల్లించెను. పెద్దల పూర్వకీర్తి మనకు గౌరవింపదగినదే. కాని పదవి యొసగునపుడు, ఆ కీర్తి యెట్లు గలిగెను, ఆ పదవికి వలయు గుణము లాయనయందు గలవా యని విచారించుట మన విధి. ఈ వివేకము మన సంఘమున వర్ధిల్లుగాక!