ఛార్లెస్ మెర్జ్

విద్యుత్తును కనిపెట్టినవారి పేర్లు బడిపిల్లలకు సైతము కంఠస్థములు. దానిని దేశమంతట ఒక్క తీరున ప్రసరింపజేసినవారిని ఎరిగినవారు అరుదు. బ్రిటనులో అట్టివారికి ముందుపీట ఛార్లెస్ మెర్జ్‌దే.

ఆయన 1874లో న్యూకాసిల్ నగరమున కెదుట, టైన్ నది ఆవలి ఒడ్డున గల గేట్స్‌హెడ్‌లో జన్మించెను. తండ్రి రసాయన పరిశ్రమ నడపుచునే 19వ శతాబ్దపు ఐరోపా భావచరిత్రను నాలుగు సంపుటములుగా రచించిన పండితుడు. గ్రంథాలయ ప్రియులకు ఈ ముక్క రుచింపక మానదు.

1901లో మెర్జ్ నిర్మించిన నెప్ట్యూన్ బ్యాంక్ కేంద్రము టైన్ తీరపు కర్మాగారములకు మూడు ఫేజుల విద్యుత్తు నందించెను. ఆయన ఆలోచన మిక్కిలి సులభమైనది. పట్టణములు వేర్వేరుగా నున్నచో, యంత్రము చెడిననాడు ఆదుకొనుటకై ప్రతి పట్టణమును మరియొక యంత్రమును ఊరక నిలిపియుంచవలెను. తీగలతో కలిపినచో ఒకచోటి మిగులు వేరొకచోటి కొరతను తీర్చును. పెద్ద కేంద్రములలో బొగ్గు ఖర్చును తగ్గును. గొలుసుకట్టు చెరువుల నెరిగిన మనకిది వింత కాదు.

లండను నగరమునకు ఇట్టి పథకమునే 1905లో పార్లమెంటు ముందుంచగా అది నెగ్గలేదు. అచ్చట పేటకొక కంపెనీ, ఎవరి వోల్టేజి వారిది. ఇల్లు మారిన గృహస్థుడు దీపములను సైతము మార్చుకొనవలసివచ్చెడిది. స్వార్థము అంత సులభముగా చోటు విడుచునా? ఇరువది యేండ్లు గడచెను.

1925లో వీర్ ప్రభువు అధ్యక్షతన ఏర్పడిన సంఘము మెర్జ్ సలహాలను గైకొనెను. 1926లో శాసనమై, కేంద్ర విద్యుత్ బోర్డు వెలసెను. దేశమున 1,32,000 వోల్టుల తీగలు, సెకనుకు 50 ఆవృత్తులు అని నిర్ణయమయ్యెను. ఇచ్చటనే చిక్కు వచ్చినది. మెర్జ్ పెంచి పెద్దచేసిన టైన్ వ్యవస్థ 40 ఆవృత్తులపై నడచునది. దేశము కొరకు అచ్చటి జనరేటర్లను, మోటార్లను సరిచేయుటయో, మార్చుటయో తప్పలేదు. తాను నెలకొల్పిన ప్రమాణమును తన పథకమే తుడిచివేయుట ఏ ఇంజనీరుకైనను చిన్న పరీక్ష కాదు.

1933 నాటికి ప్రాంతీయ జాలములు చాలవరకు పూర్తియై, 1938 నుండి ఏకజాలముగా పనిచేసెను. మరుసటి యేడే యుద్ధము వచ్చెను. బాంబులు పడి ఒక కేంద్రము మూలబడినను, వేరొక ప్రాంతపు విద్యుత్తు ఆ తీగలవెంట వచ్చి చేరెడిది.

1940 అక్టోబరు 14వ తేదీ రాత్రి లండనులోని మెర్జ్ ఇంటిపై బాంబు పడెను. అరువదియారేండ్ల ఆయనయు, ఇద్దరు బిడ్డలును మరణించిరి. భార్య ప్రాణములతో బయటపడెను.