మన్యం వీరుడి ఆయుధాలు

పాడేరుకూ చింతపల్లికీ నడుమ, తూర్పు కనుమల ఎత్తుపల్లాలలో ఉన్నది జి.మాడుగుల. దట్టమైన అడవులు, లోతైన గెడ్డలు, మనిషి వెనుక మనిషి మాత్రమే నడువగల కాలిబాటలు. ఇరవయ్యవ శతాబ్దపు తొలినాళ్ళలో ఈ మన్యప్రాంతపు స్వరూపమిది. ఇక్కడి గిరిజనులకు విల్లంబులు తరతరాల ఆయుధాలు. కొందరివద్ద గొట్టం కొననుండి మందు దట్టించి పేల్చే నాటు తుపాకులు ఉండేవి. వాటితో అడవిపందిని కొట్టవచ్చునేగాని సామ్రాజ్యాన్ని ఎదిరించడం కష్టం. ఆ సంగతిని గ్రహించి, ప్రభుత్వపు తుపాకులతోనే ప్రభుత్వంపై పోరాడిన వీరుడు అల్లూరి సీతారామరాజు.

రాజు 1897 జూలై 4న భీమునిపట్నం సమీపంలోని పాండ్రంగిలో జన్మించాడు. బాల్యంలోనే తండ్రిని కోల్పోయాడు. చదువు మధ్యలోనే ఆగిపోయింది. ఉత్తరదేశ యాత్రలు చేసి, 1917లో కృష్ణదేవిపేట చేరి, సన్యాసివలె జీవించాడు. గాంధీజీ సహాయ నిరాకరణోద్యమం ప్రభావంతో కల్లు మానిపించాడు, తగవులు పంచాయతీలలోనే తీర్చుకొమ్మని బోధించాడు. కాని మన్యంలో కష్టాలు బోధలతో తీరేవి కావు. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం పోడు వ్యవసాయానికి అడ్డుపడింది. నర్సీపట్నం నుండి లంబసింగికి వేస్తున్న రోడ్డు పనిలో గూడెం డిప్యూటీ తహశీల్దారు బాస్టియన్ కూలీలకు సరైన కూలి ఇవ్వక హింసించేవాడు. గాం గంటందొర, గాం మల్లుదొర సోదరులు రాజు పక్షాన నిలిచారు. పితూరీకి మనుషులు సిద్ధమయ్యారు. ఇక కావలసినవి ఆయుధాలు.

ఆనాటి సైన్యం చేతిలోని ఆయుధమేదో తెలిస్తేగాని ఈ సాహసం ఎంతటిదో అర్థం కాదు. బ్రిటిష్ సైన్యం 1895లో లీ ఎన్‌ఫీల్డ్ రైఫిలును స్వీకరించింది. 1904 ప్రాంతంలో దాని గొట్టాన్ని కురుచచేసి, కాల్బలానికీ అశ్వికదళానికీ ఒకే నమూనాను ఇచ్చింది. గొట్టం లోపలి వ్యాసం అంగుళంలో వెయ్యింట 303 వంతులు. అందువల్లనే మనవాళ్ళ నోట అది త్రీనాట్‌త్రీ అయింది. దాని పెట్టెలో పది తూటాలు పడతాయి. గడియను వెనుకకు లాగి ముందుకు నెట్టగానే ఖాళీ తొడుగు బయటపడి, కొత్త తూటా గొట్టంలోకి చేరుతుంది. నాటు తుపాకిలో మందు దట్టించే వ్యవధిలో ఈ రైఫిలు పది గుండ్లనూ కురిపించగలదు. మొదటి ప్రపంచ యుద్ధంలో లక్షలాది సైనికులు దీనినే పట్టారు. 1857 తిరుగుబాటు తరువాత చాలాకాలం దేశీయ సిపాయిలకు ఆంగ్ల సైనికులకంటే ఒక తరం పాత ఆయుధాలను ఇవ్వడం ప్రభుత్వ విధానం. ఇక మారుమూల ఠాణాలకు మేలైనవి దక్కుతాయా! అయినా రాజుకు అందుబాటులో ఉన్నవి ఆ ఠాణాల తుపాకులే.

1922 ఆగస్టు 22న సుమారు మూడువందల మందితో రాజు చింతపల్లి పోలీసు ఠాణాను ముట్టడించాడు. 11 తుపాకులు, 1,390 తూటాలు, 14 బాయినెట్లు, 5 కత్తులు లభించాయి. తీసుకొన్న ప్రతి వస్తువునూ ఠాణా పుస్తకంలో వ్రాసి, క్రింద సంతకం చేశాడు. దొంగ వ్రాసే లెక్క కాదిది. తానే ఒక ప్రభుత్వమన్న ధీమా ఆ సంతకంలో కనిపిస్తుంది. మరునాడు కృష్ణదేవిపేటలో 7 తుపాకులు, ఆ మరునాడు రాజవొమ్మంగిలో 8 తుపాకులు, 825 తూటాలు చిక్కాయి. మూడు దినాలలో 26 తుపాకులు! సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో పొంచియున్న రాజు దళం, ముందు నడుస్తున్న దేశీయ పోలీసులను పోనిచ్చి, స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు ఆంగ్ల అధికారులను మాత్రమే నేలకూల్చింది.

ఆ పిమ్మట రాజు తన రాకను ముందుగానే ప్రకటించసాగాడు. బాణానికి కట్టిన మిరపకాయ టపా కథలు మన్యంలో ఇప్పటికీ చెప్పుకొంటారు. అది వీరోచితమే. దాని మూల్యం మాత్రం తక్కువది కాదు. అక్టోబరు 15న అడ్డతీగల ఠాణాకు వెళ్ళేసరికి పోలీసులు ఆయుధాలను ముందే దాచివేశారు. 19న రంపచోడవరంలోనూ అదే జరిగింది. జనం హారతులు పట్టారు, తుపాకులు దొరకలేదు.

తుపాకి కంటే పెద్ద చిక్కు తూటా. బాణపు ములికిని ఊరి కమ్మరి సాగగొట్టగలడు. నాటు తుపాకికి మందునూ సీసపు గుండునూ ఊరిలోనే సమకూర్చుకోవచ్చు. కాని ఠాణా తుపాకికి ఇత్తడి తొడుగు, అడుగున దెబ్బ తగలగానే మండే మందు గల తూటా కావాలి. అది కర్మాగారంలో తప్ప కొండమీద తయారుకాదు. పేల్చిన ప్రతి తూటా రాజు లెక్కలో ఒకటి తరుగుతుంది. ప్రభుత్వానికి కొత్త పెట్టె వస్తుంది. డిసెంబరు 6న పెద్దగడ్డపాలెం వరిచేలవద్ద మలబారు పోలీసు దళాలు ఎదురైనప్పుడు ఈ తేడా బయటపడింది. పగటి పోరులో నలుగురు, రాత్రి పోరులో ఎనిమిదిమంది అనుచరులను రాజు కోల్పోయాడు.

తరువాతి కాలంలో రాజు ఎదురుపడి పోరాడడం తగ్గించాడు. 1923 సెప్టెంబరులో మల్లుదొర పట్టుబడ్డాడు. 1924లో రూథర్‌ఫర్డ్ ప్రత్యేక కమిషనరుగా వచ్చాడు. కొండయుద్ధంలో ఆరితేరిన అస్సాం రైఫిల్స్ అడవిని జల్లెడపట్టింది. రాజుకు అన్నంపెట్టిన గ్రామాలు శిక్షలకు గురయ్యాయి. ఆ బాధ అతడిని తూటాల కొరతకంటే ఎక్కువగా కృంగదీసిందని మన్యంలో చెప్పుకొంటారు. మే 7న మంప సమీపంలో చిక్కిన రాజును కొయ్యూరుకు తెచ్చారు. విచారణ లేకుండానే మేజర్ గుడాల్ కాల్పించాడు. అప్పటికి రాజు వయస్సు ఇరవయ్యారేళ్ళు.

మల్లుదొరకు విధించిన ఉరిశిక్ష యావజ్జీవ శిక్షగా మారింది. 1952లో జరిగిన తొలి సార్వత్రిక ఎన్నికలలో అతడు లోక్‌సభకు ఎన్నికయ్యాడు. రాజును కాపాడలేకపోయిన త్రీనాట్‌త్రీ తరం కూడా ముగిసింది. 1962 చైనా యుద్ధం తరువాత భారత సైన్యం దాని స్థానంలో కొత్త రైఫిలును ప్రవేశపెట్టింది. పోలీసుల భుజాలపై మాత్రం అది మరి కొన్ని దశాబ్దాలు కనిపించింది. 2022 ఏప్రిల్ 4న పాడేరు కేంద్రంగా ఏర్పడిన జిల్లాకు అల్లూరి సీతారామరాజు పేరు పెట్టారు. జి.మాడుగుల, చింతపల్లి, కొయ్యూరు ఆ జిల్లాలోనివి. రాజు సమాధి ఉన్న కృష్ణదేవిపేట మాత్రం జిల్లా సరిహద్దుకు అవతల, అనకాపల్లి జిల్లాలో ఉంది.