ప్రాణదాత లూయీ పాశ్చర్

పిచ్చికుక్క కాటు మానవజాతి ఎరిగిన అతిపురాతన భయాలలో ఒకటి. మన ప్రాచీన వైద్యులు ఈ వ్యాధిని అలర్కమన్నారు. సుశ్రుతసంహితలోని కల్పస్థానం దీని లక్షణాలను వర్ణించి, నీటిని చూచి బెదరే దశకు చేరిన రోగి బ్రతకడని తేల్చిచెప్పింది. నేటికీ లక్షణాలు పైకి కనిపించిన తరువాత ఈ వ్యాధిని నయంచేసే మందు లేదు. అయితే కాటుకూ లక్షణాలకూ నడుమ సాధారణంగా కొన్ని వారాల వ్యవధి ఉంటుంది. ఆ వ్యవధిలో మృత్యువును అడ్డగించవచ్చునని లోకానికి చూపిన మహనీయుడు లూయీ పాశ్చర్.

పాశ్చర్ 1822 డిసెంబరు 27న ఫ్రాన్సు దేశంలోని డోల్ పట్టణంలో జన్మించాడు. తండ్రి నెపోలియన్ సైన్యంలో పనిచేసి, అనంతరం తోళ్ళు పదునుచేసే వృత్తితో కుటుంబాన్ని పోషించాడు. పాశ్చర్ బాల్యం ఆర్బువా అనే చిన్న ఊరిలో గడిచింది. 1831లో పిచ్చెత్తిన తోడేలు ఒకటి ఆ పరిసరాలలో పలువురిని కరిచింది. కమ్మరి కొలిమిలో ఎర్రగా కాల్చిన ఇనుముతో గాయాన్ని కాల్చడమే నాటి చికిత్స. ఎనిమిదేళ్ళ పాశ్చర్ మనస్సులో ఆ భీకరఘటన చెరగని ముద్ర వేసింది.

పాశ్చర్ వైద్యుడు కాడు, రసాయనశాస్త్రవేత్త. 1848లో స్ఫటికాలపై చేసిన పరిశోధన ఆయనకు తొలి కీర్తిని తెచ్చింది. పదార్థాలు పులియడానికి కంటికి కనిపించని సూక్ష్మజీవులే కారణమని ఆయన నిరూపించాడు. ద్రవాలను మితంగా వేడిచేసి చెడిపోకుండా కాపాడే పద్ధతి నేటికీ ఆయన పేరుతోనే పాశ్చరీకరణమని ప్రసిద్ధమైంది. పట్టుపురుగుల తెగుళ్ళను పరిశోధించి పట్టు పరిశ్రమను ఆదుకొన్నాడు. ఆ కాలంలోనే ఆయనను కష్టాలు చుట్టుముట్టాయి. ఐదుగురు సంతానంలో ముగ్గురు కుమార్తెలు బాల్యంలోనే మరణించారు. 1868లో పక్షవాతం సోకి ఎడమభాగం చచ్చుబడింది. అయినా ఆయన పరిశోధనను విడువలేదు.

వ్యాధిని కలిగించే సూక్ష్మజీవిని బలహీనపరచి దేహంలో ప్రవేశపెడితే, ఆ వ్యాధినే ఎదిరించే శక్తి దేహానికి అలవడుతుందని పాశ్చర్ కోళ్ళ కలరా విషయంలో గ్రహించాడు. 1881లో గొర్రెలకు దొమ్మవ్యాధి టీకావేసి అందరియెదుట దీనిని రుజువుచేశాడు. ఆవుమశూచితో టీకాకు బాటవేసిన జెన్నర్ గౌరవార్థం, ఆవు అనే అర్థంగల లాటిన్ మాటనుండి పుట్టిన వాక్సిన్ అనే పేరునే ఇటువంటి మందులన్నింటికీ వాడుకలోకి తెచ్చాడు.

1880 నుండి ఆయన దృష్టి రేబిస్‌పై నిలిచింది. ఈ వ్యాధికారకం నాటి సూక్ష్మదర్శినికి అందలేదు. అయినా అది నాడీమండలంలో నివసిస్తుందని గుర్తించి, ఆయన, సహచరుడు ఎమిల్ రూ దానిని కుందేళ్ళలో పెంచారు. వ్యాధితో మరణించిన కుందేలు వెన్నుపామును సీసాలో వేలాడదీసి పొడిగాలిలో ఆరబెడితే దాని తీవ్రత రోజురోజుకూ తగ్గింది. దాదాపు రెండు వారాలు ఆరినదానిలో హానిచేసే శక్తి ఇంచుమించు నశించింది. ఇదే ఆయన టీకాకు మూలం.

కుక్కలన్నింటికీ టీకా వేయగలిగితే మనుష్యులకు ఈ వ్యాధి రానేరాదు. ఇదే పాశ్చర్‌కు తోచిన తొలిమార్గం. కాని ఒక్క పారిస్ నగరంలోనే లక్ష కుక్కలు, దేశమంతటా 25 లక్షలు ఉన్నాయని నాటి అంచనా. ఒక్కొక్కదానికి పలుమార్లు సూదివేయాలి. అందుకు కావలసిన కుందేళ్ళుగాని, పనివారుగాని లభించరు. అందుచేత ఆయన కాటుకు గురైన మనిషిని కాపాడే రెండవమార్గాన్ని చేపట్టాడు.

1885 జూలై 4న ఆల్సేస్ ప్రాంతంలో జోసెఫ్ మీస్టర్ అనే తొమ్మిదేళ్ళ బాలుని పిచ్చికుక్క కరిచింది. ఒంటినిండా 14 గాయాలు. జూలై 6న తల్లి అతనిని పారిస్‌కు తీసుకొనివచ్చి పాశ్చర్‌ను ఆశ్రయించింది. ఆయనకు ఇది ధర్మసంకటమైంది. మనుష్యులపై ఆ టీకా గుణం నిరూపితం కాలేదు. టీకావల్లనే బాలుడు మరణిస్తే ఆ పాపం తనది; వేయక ఊరకుంటే మరణం దాదాపు తథ్యం. వుల్పియాన్, గ్రాంషే అనే వైద్యులు బాలుని పరీక్షించి టీకా వేయవలసిందేనన్నారు. పాశ్చర్‌కు వైద్యునిగా అర్హత లేనందున గ్రాంషే సూది వేశాడు. మొత్తం 13 సూదులు. ఒకదానికంటె ఒకటి తీవ్రమైనది. చివరి రోజులలో పాశ్చర్‌కు నిద్ర కరవైంది. బాలుడు బ్రతికాడు. తగినన్ని ముందస్తు పరీక్షలు పూర్తికాకుండానే ఆయన ఈ సాహసానికి పూనుకొన్నాడని ఆయన ప్రయోగపుస్తకాలను పరిశీలించిన తరువాతి చరిత్రకారులు విమర్శించారు.

ఆ ఏడాది నవంబరులో లూయీజ్ పెల్లెటియర్ అనే పదేళ్ళ బాలికను తెచ్చారు. కుక్క కరిచి అప్పటికే 37 రోజులైంది. గాయం తలపై ఉన్నది. ఫలితం ఉండదని తెలిసీ, తల్లిదండ్రుల వేడుకోలు కాదనలేక పాశ్చర్ చికిత్స చేయించాడు. ఆ బాలిక దక్కలేదు. మీస్టర్‌ను రెండవనాడే తెచ్చారు; ఈ బాలికను ఐదు వారాలు దాటాక తెచ్చారు. ఈ వ్యాధి విషయంలో కాలయాపన ఎంతటి ప్రమాదమో ఈ విషాదం తెలుపుతున్నది.

1886లో రష్యానుండి తోడేలు కరిచిన 19 మంది పారిస్‌కు రాగా 16 మంది బ్రతికారు. ప్రజల విరాళాలతో 1888 నవంబరు 14న పాశ్చర్ సంస్థ వెలసింది. 1895 సెప్టెంబరు 28న పాశ్చర్ తనువు చాలించాడు. ఆ సంస్థ ప్రాంగణంలోనే ఆయన సమాధి ఉన్నది. మీస్టర్ పెరిగి పెద్దవాడై అక్కడనే కావలివానిగా పనిచేశాడు.

పాశ్చర్ పద్ధతి మనదేశానికి 1900లో కసౌలీకి, 1907లో నీలగిరులలోని కూనూరుకు వచ్చింది. నాడు నెమలి, తిరువూరు మొదలైన కృష్ణామండల గ్రామాలు మద్రాసు రాష్ట్రంలోనివే. ఆ రాష్ట్రమంతటికీ కూనూరు సంస్థయే దిక్కు. కసౌలీలో డేవిడ్ సెంపుల్ 1911లో రూపొందించిన టీకా దేశమంతటా వ్యాపించింది. బొడ్డు చుట్టూ 14 సూదులని మన పెద్దలు భయంతో చెప్పుకొన్నది దీనినే. 2005 నాటికి అది వాడుకనుండి తొలగిపోయి, చేతికి వేసే సురక్షితమైన టీకాలు వచ్చాయి.

పాశ్చర్ చేపట్టలేక విడిచిన తొలిమార్గం నేడు సుసాధ్యమైంది. కుక్కపిల్లకు మూడు నెలల వయస్సులో తొలి టీకా, పశువైద్యుడు చెప్పిన గడువులో మరొకటి, ఆపై ఏటేటా ఒకటి చాలు. పిల్లులకూ ఇది అవసరమే. ఒక ప్రాంతంలోని కుక్కలలో నూటికి 70కి టీకా అందితే వ్యాధి గొలుసు తెగుతుందని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెబుతున్నది. పెంపుడు జంతువుకు టీకా వేయించే బాధ్యత యజమానిదేనని 2023 నాటి జంతు జనన నియంత్రణ నియమాలు విధించాయి. మీస్టర్‌కు తొలి సూది వేసిన జూలై 6న తెలుగునాట పశువైద్యశాలలలో పెంపుడు కుక్కలకు ఉచితంగా టీకాలు వేస్తున్నారు. పాశ్చర్ వర్ధంతి సెప్టెంబరు 28 ప్రపంచ రేబిస్ దినమైంది.

ఏ కుక్క కరిచినా గాయాన్ని ధారగా పడే నీటితో, సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. కారం, సున్నం, ఆకుపసరు పూయరాదు. ఆనాడే ఆసుపత్రికి వెళ్ళి, వైద్యుడు చెప్పిన తేదీలలో సూదులన్నీ పూర్తిచేయాలి. గాయం లోతైనదైతే టీకాతోపాటు ఇమ్యునోగ్లోబ్యులిన్ అనే మందు కూడా అవసరమవుతుంది. పెంపుడు కుక్కయే కదా అని ఉపేక్షించరాదు.

ఒక బాలుని ప్రాణం నిలపడానికి పాశ్చర్ నిద్రలేని రాత్రులు గడిపాడు. నేడు మన ఇంటి కుక్కకు ఏడాదికి ఒక్క సూది వేయిస్తే, ఎందరో తల్లులకు అటువంటి రాత్రులు తప్పుతాయి.