తుప్పుపట్టని ఉక్కు – హ్యారీ బ్రియర్లీ జీవితం

మా లాల్‌దర్వాజా గల్లీలో పెన్షనర్లం కొందరం చందాలు వేసుకొని వేసవి చలివేంద్రం నిమిత్తం ఒక స్టీలు ట్యాంకు చేయించాము. లెక్కలు చూసే పని సర్వీసులో లాగే ఇక్కడా నా మీదే పడింది. రెండు నెలలు తిరగకముందే ట్యాంకు అతుకుల వెంబడి ఎర్రటి తుప్పు గీతలు బయలుదేరాయి. మిగతా రేకు మాత్రం మెరుస్తూనే ఉంది. నకిలీ స్టీలు కొన్నారని గుసగుసలు మొదలయ్యాయి. సర్వీసంతా ఒక్క ఆడిట్ అభ్యంతరం ఎదుర్కోని నాకు ఆ మాట చాలా బాధ కలిగించింది. అసలు సంగతి తెలుసుకుందామని పుస్తకాలు తిరగేస్తుండగా హ్యారీ బ్రియర్లీ జీవితం కంటబడింది. మన సభ్యులకు కూడా ఉపయోగపడుతుందని రాస్తున్నాను.

బ్రియర్లీ 1871లో ఇంగ్లండులోని షెఫీల్డు నగరంలో పుట్టాడు. తండ్రి ఉక్కు కొలిమిలో కార్మికుడు. ఇంట్లో పేదరికం. పన్నెండో ఏట బడి మానేసి తండ్రి పనిచేసే ఫర్త్ కంపెనీలోనే చేరాడు. అక్కడి ప్రయోగశాలలో సీసాలు కడగడం అతని పని. పగలు సీసాలు కడిగి, రాత్రిపూట చదువుకొని రసాయన శాస్త్రం నేర్చాడు. కొన్నాళ్లు రీగా నగరంలోని ఉక్కు కర్మాగారంలో పనిచేసి వచ్చి, రెండు కంపెనీలు కలిసి షెఫీల్డులో నెలకొల్పిన పరిశోధనశాలకు అధిపతి అయ్యాడు. సీసాలు కడిగిన పిల్లవాడు అంత ఎత్తుకు ఎదగడం సామాన్యమైన సంగతి కాదు.

1912లో ఒక తుపాకుల కంపెనీ వారు గొట్టాలు లోపల త్వరగా అరిగిపోతున్నాయని, మంచి ఉక్కు కావాలని అడిగారు. ఆ పరీక్షలలో భాగంగా 1913 ఆగస్టులో నూటికి 12.8 వంతుల క్రోమియం కలిపిన ఉక్కు పోతపోశాడు. సూక్ష్మదర్శినిలో చూడడానికి ఉక్కు ముక్కను ఆమ్లంతో తినిపించడం పద్ధతి. ఈ ముక్కను ఆమ్లం తినలేకపోయింది. వెనిగరు, నిమ్మరసం కూడా దానిని ఏమీ చేయలేదు. గొట్టాల సంగతి పక్కనబెట్టి, ఇది చాకులకూ చెంచాలకూ పనికివస్తుందని అతడు గ్రహించాడు.

పై అధికారులకు అంత నమ్మకం కలగలేదు. చాకుల వారు తమ పాత పద్ధతిలోనే చేసి, పదును రాని చాకులు చేశారు. కోయని చాకులు కనిపెట్టినవాడని అతనిని ఎగతాళి కూడా చేశారు. చివరికి ఎర్నెస్ట్ స్టువార్ట్ అనే చాకుల కార్ఖానా మేనేజరు పట్టుదలగా ప్రయత్నించి సాధించాడు. స్టెయిన్‌లెస్ అనే పేరు పెట్టింది కూడా ఆయనే. ఇంతలో హక్కుల విషయంలో కంపెనీతో పేచీ వచ్చి, బ్రియర్లీ 1915లో ఉద్యోగం వదిలి వేరే కంపెనీలో చేరాడు. 1920లో బెస్సెమర్ స్వర్ణపతకం లభించింది. 1941లో ఒక ధర్మనిధి స్థాపించి, 1948లో కన్నుమూశాడు.

మన గిన్నెలకూ ట్యాంకులకూ వాడే ఉక్కులో క్రోమియంతోపాటు నికెల్ కూడా ఉంటుంది. జర్మనీలో క్రుప్ కంపెనీ వారు 1912లోనే ఆ రకానికి పేటెంటు కోరారు. 18 వంతుల క్రోమియం, 8 వంతుల నికెల్ గల రకాన్ని బ్రియర్లీ స్థానంలోకి వచ్చిన హాట్‌ఫీల్డ్ 1924లో తెచ్చాడు. నా చిన్నతనంలో పాతబస్తీ ఇళ్లలో రాగి, ఇత్తడి గిన్నెలకు కళాయి పూయించేవారు. స్టీలు వచ్చాక ఆ బాధ తప్పింది.

అయితే స్టీలుకూ ఒక పూత ఉన్నది. అది ఎవరూ పూయనిది. క్రోమియం గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి కంటికి కనబడని పలుచని పొర ఏర్పరుస్తుంది. తుప్పును ఆపేది ఆ పొరే. వెల్డింగు వేడికి అతుకు పక్కన ఉక్కు రంగు మారి ఆ పొర చెడుతుంది. ఉక్కు 450 నుండి 850 డిగ్రీల మధ్య ఎక్కువసేపు ఉంటే, అందులోని కార్బన్ క్రోమియాన్ని తన వైపు లాక్కుంటుంది. ఆ చోట క్రోమియం కరువై తుప్పు మొదలవుతుంది. అందుకే వెల్డింగు పనులకు కార్బన్ నూటికి 0.03 వంతులకు మించని 304ఎల్ రకం వాడతారు. సన్నని రేకులో ఈ రెండవ బెడద తక్కువ.

కంచన్‌బాగ్‌లో 1973లో ఏర్పడిన మిధానీలో పనిచేసి రిటైరైన మిత్రుడొకరు వచ్చి మా ట్యాంకు చూశారు. రేకు మంచిదేనని తేల్చారు. వెల్డరు మామూలు ఇనుప బ్రష్షుతో తోమి, నల్లబడిన అతుకును అలాగే వదిలేశాడు. ఇనుప రజను అంటుకొని తుప్పు పట్టింది. మేము అతిగా కలిపిన బ్లీచింగు పొడి దానికి తోడయ్యింది. స్టీలు బ్రష్షుతో తోమించి, పిక్లింగ్ పేస్టు పూయించి, నీళ్లతో బాగా కడిగించారు. బోనాల నాటికి ట్యాంకు మళ్లీ వీధిలో నిలిచింది. గుసగుసలూ ఆగాయి.

మన సభ్యులు ఎవరైనా ట్యాంకు చేయిస్తే రేకు రశీదుతో తృప్తిపడక, అతుకులు శుభ్రం చేసిన తరువాతే డబ్బు చెల్లించవలసిందిగా నా మనవి.