కాంతి మర్మమెరిగిన ఆచార్యుడు – సూరి భగవంతం

చల్లపల్లికి చేరువలోని కూచిపూడి నాట్యకళకు పుట్టినిల్లు. నాటి కృష్ణాజిల్లాలో నూజివీడు ప్రాంతానికి చెందిన ఆగిరిపల్లి శోభనాచలస్వామి క్షేత్రంగా ప్రసిద్ధి పొందింది. ఆ గ్రామంలోనే 1909 అక్టోబరు 14న సూరి భగవంతం జన్మించారు. కంటికి కనిపించని వేగంతో పదార్థంలో జరిగే కదలికలను కాంతి ద్వారా గుర్తించిన భారతీయ శాస్త్రజ్ఞులలో ఆయన అగ్రగణ్యులు.

హైదరాబాదులోని నిజాం కళాశాలలో భౌతికశాస్త్రంలో పట్టభద్రులైన భగవంతం 1928లో కలకత్తా చేరి, సర్ సి.వి. రామన్ వద్ద పరిశోధనకు పూనుకొన్నారు. ఆ ఏడాది ఫిబ్రవరిలోనే రామన్ ఫలితం లోకానికి వెల్లడైంది. ఒకే రంగు గల కాంతి ఏదైనా పదార్థంపై పడినప్పుడు, చెదరిన కాంతిలో స్వల్పభాగం రంగు మారి వెలువడుతుంది. పదార్థంలోని పరమాణువులు నిరంతరం కంపించడమే ఇందుకు కారణం. రంగు ఎంత మారిందో కొలిస్తే పరమాణువులు సెకనుకు ఎన్నిసార్లు కంపిస్తున్నాయో తెలుస్తుంది.

భగవంతం 1930 ప్రాంతంలో వజ్రాన్ని ఈ దృష్టితో పరిశీలించారు. వజ్రంలోని కర్బన పరమాణువులు సెకనుకు సుమారు నలభై లక్షల కోట్లసార్లు కంపిస్తాయి. ఒక్క కంపనానికి పట్టే కాలం దాదాపు 25 ఫెమ్టోసెకండ్లు. ఒకటి పక్కన పదిహేను సున్నలు చేర్చిన సంఖ్యతో సెకనును భాగించగా వచ్చే అత్యల్ప కాలమే ఫెమ్టోసెకండు. ఇంత వేగాన్ని పట్టగల గడియారం గాని కెమెరా గాని ఆనాడు లేదు. పాదరస దీపం, పట్టకం, ఫోటోగ్రాఫిక్ ఫలకం – ఇవే నాటి పరిశోధకుల సాధనాలు. చెదరిన కాంతి మిక్కిలి క్షీణమైనది. కనుక ఫలకంపై సన్నని గీత పడేందుకు గంటల తరబడి వేచి ఉండవలసి వచ్చేది. అతివేగమైన కదలికను అతినిదానమైన పద్ధతితో కొలవడం ఆ ప్రయోగాలలోని విశేషం. కాలాన్ని కొలవలేని చోట రంగును కొలిచి, దాని నుండి కాలాన్ని రాబట్టారు.

1931లో రామన్, భగవంతం కలిసి కాంతికణమైన ఫోటాన్‌కు ఆత్మభ్రమణం ఉన్నదనడానికి ప్రయోగపూర్వకమైన ఆధారాన్ని ప్రకటించారు. అప్పటికి భగవంతం వయస్సు దాదాపు ఇరవై రెండేళ్లు మాత్రమే.

1932లో ఆయన ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో అధ్యాపకులుగా చేరి, పిన్నవయస్సులోనే ఆచార్య పదవిని అందుకొన్నారు. పాశ్చాత్య దేశాలతో తులతూగే పరికరాలు లేని విశ్వవిద్యాలయంలో ఉన్నతమైన పరిశోధన సాధ్యమా అన్న ప్రశ్నకు ఆయన కృషియే సమాధానమైంది. పరికరాల కొరతను గణితంతో పూరించారు. స్ఫటికపు సౌష్ఠవం తెలిస్తే, దాని వర్ణపటంలో ఎన్ని రామన్ గీతలు కనిపించాలో సమూహ సిద్ధాంతం ద్వారా ముందే చెప్పవచ్చునని వెంకటరాయుడుతో కలిసి నిరూపించారు. ఈ విషయమై వారు రచించిన గ్రంథం 1948లో వెలువడింది.

పిదప ఆయనను పాలనా బాధ్యతలు వరించాయి. 1952 నుండి 1957 వరకు ఉస్మానియా విశ్వవిద్యాలయ ఉపాధ్యక్షులుగా, 1957 నుండి 1962 వరకు బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ సంచాలకులుగా, 1961 నుండి 1969 వరకు రక్షణమంత్రికి వైజ్ఞానిక సలహాదారుగా పనిచేశారు. ఇంతటి భారం మోస్తూ కూడా అధ్యయనాన్ని విడువలేదు. స్ఫటికాల సౌష్ఠవంపై ఆయన రచించిన మరొక గ్రంథం 1966లో వెలువడింది. సంస్కృతాంధ్రాలలోనూ ఆయనకు చక్కని పాండిత్యం ఉండేది.

1960లో లేజరు ఆవిర్భవించడంతో కాంతిశాస్త్రం కొత్త దారి పట్టింది. క్రమంగా కొన్ని ఫెమ్టోసెకండ్లు మాత్రమే నిలిచే కాంతి పల్సులు శాస్త్రజ్ఞులకు లభించాయి. ఇంత చిన్న పల్సు నిడివిని ఏ విద్యుత్ పరికరమూ నేరుగా కొలవలేదు. అందువల్ల పల్సును రెండుగా చీల్చి, ఒక భాగాన్ని కొంచెం ఎక్కువ దూరం నడిపి, తిరిగి రెండవ దానితో కలుపుతారు. దూరాన్ని మారుస్తూ ఆ కలయికను గమనిస్తే పల్సు నిడివి తెలుస్తుంది. 25 ఫెమ్టోసెకండ్లలో కాంతి ప్రయాణించేది తలవెంట్రుక మందంలో సుమారు పదోవంతు దూరం మాత్రమే. ఇక్కడ కాలానికి మారుగా దూరాన్ని కొలుస్తున్నారు. ఇట్టి పల్సులతో స్ఫటికాలలోని కంపనాలను ఇప్పుడు నేరుగానే పరిశీలిస్తున్నారు. హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయంలోనూ ఫెమ్టోసెకండు లేజరులతో పరిశోధనలు జరిగాయి. అంతకన్నా వెయ్యిరెట్లు సూక్ష్మమైన ఆటోసెకండు పల్సులను సృష్టించే ప్రయోగ పద్ధతులకు 2023లో నోబెల్ బహుమతి లభించింది.

భగవంతం 1989 ఫిబ్రవరి 6న కన్నుమూశారు. పరికరాలు మారినా, నేరుగా అందని దానిని అందే దాని ద్వారా గ్రహించే నేర్పు మాత్రం శాస్త్రజ్ఞునికి నేటికీ అవసరమే. ఒక దీపం, ఒక గాజు పట్టకం, అంతులేని ఓర్పు తోడుగా ఆగిరిపల్లి బాలుడు ప్రపంచ విజ్ఞాన చరిత్రలో స్థానం సంపాదించుకొన్నారు. సాధనాలు చాలవని వెనుదీసే యువతకు ఆయన జీవితం గొప్ప ధైర్యాన్నిస్తుంది.