దీపము వెనుక ఉన్న స్త్రీ: ఫ్లారెన్సు నైటింగేల్

మన మిషను ఆసుపత్రులలో నర్సింగు చదివే ఆడపిల్లలు తెల్లని యూనిఫారములు ధరించి, చేతిలో దీపముతో ప్రమాణము చేసే లాంప్ లైటింగు కార్యక్రమమును మనలో చాలామంది చూచియున్నాము. తమ బిడ్డ ఆ వరుసలో నిలిచినప్పుడు కన్నీరు తుడుచుకొన్న తలిదండ్రులు మన సంఘములలో ఎందరో ఉన్నారు. అటువంటి చోట్ల గోడమీద తరచుగా ఒక పటము కనబడుతుంది. చీకటి వార్డులో, దీపము ఎత్తి పట్టుకొని, క్షతగాత్రుల మంచముల మధ్య నడచుచున్న ఒక దొరసాని. ఆమె ఫ్లారెన్సు నైటింగేల్ అని చిన్నపిల్లలు కూడ చెప్పగలరు. కాని ఆ పటము ఎట్లు వచ్చినది, ఆ పటములో చూపని ఆమె జీవితమెట్టిది అన్నది అంతగా తెలియదు. ఆ సంగతులే ఇక్కడ చెప్పదలచాను.

ఆమె 1820 మే 12న ఇటలీ దేశములోని ఫ్లారెన్సు పట్టణములో జన్మించారు. ఆ పట్టణము పేరే ఆమెకు పెట్టారు. తలిదండ్రులు ఇంగ్లండులో గొప్ప ధనవంతులు. తండ్రి తానే కుమార్తెలకు గ్రీకు, లాటిను భాషలు, చరిత్ర నేర్పించారు. ఆమెకు లెక్కలమీద మక్కువ ఎక్కువ. 1837 ఫిబ్రవరిలో, పదహారేండ్ల వయస్సులో, దేవుడు తనను తన సేవకు పిలిచినాడని ఆమె నమ్మారు. ఆ సేవ ఏమిటో తెలియుటకు ఏండ్లు పట్టినది. రోగులకు పరిచర్య చేయుటే తన పని అని తెలిసిన తరువాత ఇంటివారు అడ్డుపడ్డారు. ఆ రోజులలో ఆసుపత్రులలో నర్సు పనికి మంచి పేరు లేదు. పెద్దింటి పిల్ల ఆ పనికి పోవుట తల్లికి, అక్కకు తలవంపుగా తోచినది. ఆమె పెండ్లిని కాదనుకొన్నారు, ఓపికతో వేచియున్నారు. చివరకు 1851లో జర్మనీలోని కైసర్‌స్వెర్తులో పాస్టరు ఫ్లీడ్నరుగారు స్థాపించిన డీకనెస్సుల గృహములో మూడు నెలలు శిక్షణ పొందారు.

1854లో క్రిమియా యుద్ధము జరుగుచుండగా, బ్రిటిషు సైనికులు దిక్కులేక చనిపోవుచున్నారని పత్రికలలో వార్తలు వచ్చాయి. యుద్ధ మంత్రి సిడ్నీ హెర్బర్టుగారి కోరికపై ఆమె 38 మంది స్త్రీలతో బయలుదేరి, నవంబరు 4న టర్కీలోని స్కుటారి చేరారు. ఆ 38 మందిలో 10 మంది రోమన్ కతోలిక సన్యాసినులు, మరికొందరు ఆంగ్లికన్ సహోదరీలు, మిగిలినవారు జీతమునకు పనిచేసే నర్సులు. వేర్వేరు సంఘములవారిని ఒక్క చేతిక్రింద నడిపించుట ఎంత కష్టమో మన కమిటీలలో కూర్చున్నవారికి వేరుగా చెప్పనక్కరలేదు.

ఆమె రాత్రివేళ వార్డులలో తిరుగుట నిజమే. ఆ దృశ్యమును 1855 ఫిబ్రవరిలో ఇలస్ట్రేటెడ్ లండన్ న్యూస్ పత్రిక చెక్కుడు బొమ్మగా అచ్చువేసినది. 1857లో అమెరికా కవి లాంగ్‌ఫెలో దానిపై పద్యము వ్రాశారు. అప్పటినుండి దీపము, ఆమె పేరు విడదీయరానివైనవి. చాలామంది చిత్రకారులు ఆమె చేతిలో ప్రాచీన గ్రీకుల ప్రమిదవంటి దీపము పెట్టారు. నిజముగా స్కుటారిలో వాడినది లోపల కొవ్వొత్తి వెలిగించే టర్కీ మడత లాంతరు. జెర్రీ బారెట్ అనే చిత్రకారుడు స్కుటారికే వెళ్లి, ఆమె క్షతగాత్రులను చేర్చుకొనుచున్నట్లు 1857లో పెద్ద చిత్రము వేశారు. ఆయన ఎదుట కూర్చుండుటకు కూడ ఆమె ఒప్పుకొనలేదు. తన పటములు ఊరూర అమ్ముడగుట ఆమెకు ఇష్టము లేదు.

దీనికి వినయమొక్కటే కారణము కాదు. ఆ చలికాలమున స్కుటారిలో 4,000 మందికి పైగా సైనికులు చనిపోయారు. గాయములకంటె విరేచనములు, జ్వరములే వారిని ఎక్కువగా బలిగొన్నాయి. 1855 ఫిబ్రవరిలో ఆసుపత్రిలో చేరిన నూటికి 42 మంది చనిపోయారు. మార్చిలో ప్రభుత్వము పంపిన పారిశుధ్య సంఘమువారు వచ్చి, కట్టడము క్రింద పూడిపోయిన మురుగు కాలువలను బాగుచేయించి, నీటిని శుభ్రము చేయించి, గాలి వచ్చునట్లు చేసిన తరువాత కొద్ది నెలలలోనే మరణములు నూటికి రెండుకు తగ్గాయి.

1856 ఆగస్టులో ఆమె స్వదేశమునకు తిరిగి వచ్చినప్పుడు దేశమంతయు సన్మానించుటకు కాచుకొనియున్నది. ఆమె మారు పేరుతో, ఎవరికి తెలియకుండ ఇల్లు చేరారు. తరువాత విలియం ఫార్ అనే గణాంక శాస్త్రజ్ఞునితో కూర్చుండి మరణముల లెక్కలు తీశారు. సైనిక ఆసుపత్రులన్నిటిలో తన ఆసుపత్రిలోనే ఎక్కువమంది పోయారని, వారిలో అధికులను బ్రదికించవచ్చునని ఆ లెక్కలు చెప్పాయి. లోకమంతయు దీపమును మెచ్చుకొనుచున్నప్పుడు ఆ నిజము తెలుసుకొనుట ఎంత బాధయో ఊహించండి. ఆమె దానిని కప్పిపుచ్చలేదు. చదువురానివారికి కూడ అర్థమగునట్లు 1858లో ఆ లెక్కలను రంగుల చక్రపు పటములుగా గీసి మంత్రుల ముందుంచారు. ఆమె జీవితములో ముఖ్యమైన పటము ఏదని అడిగితే నేను దానినే చూపుతాను. ఆ సంవత్సరమే లండను గణాంక సంఘము ఆమెను తన మొదటి స్త్రీ సభ్యురాలిగా చేర్చుకొన్నది.

యుద్ధములో సోకిన జ్వరము వలన ఆమె తరువాతి జీవితములో ఎక్కువ భాగము మంచము పట్టియే గడిపారు. అక్కడినుండే 1860లో సెయింట్ థామస్ ఆసుపత్రిలో నర్సుల పాఠశాల పెట్టించారు. మన దేశములోని బ్రిటిషు సైనికులలో ఏటా వెయ్యికి 69 మంది చనిపోవుచున్నారని లెక్కలతో చూపి, బారకాసుల నీరు, మురుగు సంగతి పట్టించుకొనునట్లు చేశారు. పిమ్మట సైనికులను దాటి గ్రామములలోని రైతులను గూర్చి ఆలోచించారు. 1876–78 మద్రాసు రాజధాని కరువులో లక్షలాదిమంది ఆకలితో చనిపోగా, నీటిపారుదలయే మందు అని ఆమె పత్రికలలో వ్రాశారు. ఈ విషయములో ఆమె బలపరచినది 1852లో ధవళేశ్వరము ఆనకట్టను పూర్తిచేసిన మన కాటన్ దొరగారినే. ఆమె మన దేశమును కన్నులార చూడలేదు. అయినను గోదావరి నీళ్లు చేసిన మేలు ఆమెకు తెలుసు.

ఆమె ఫోటోలు కొద్ది. 1858లో ఎంబ్లీలోని తమ ఇంటి ఆవరణలో పుస్తకము చదువుచున్నట్లు తీసిన ఒకటి 2006లో బయటపడినది. కడపటి కాలమున, 1910లో, లిజీ కాస్వాల్ స్మిత్ అనే స్త్రీ తీసిన ఫోటోలో ఆమె లండనులోని తన పడకగదిలో, చూపు పోయిన ముసలి తల్లిగా కనబడతారు. చేతిలో దీపము లేదు. ఆ సంవత్సరము ఆగస్టు 13న ఆమె నిద్రించారు. వెస్ట్‌మినిస్టర్ ఆబీలో స్థలము ఇస్తామన్నను బంధువులు వద్దన్నారు. ఈస్ట్ వెల్లో గ్రామ దేవాలయపు ఆవరణలో ఆమె సమాధిపై పేరులోని రెండు అక్షరములు, తేదీలు మాత్రమే ఉన్నవి. 1915లో లండనులో నిలిపిన విగ్రహము చేతిలో మాత్రము మరల దీపమే.

ఈ శతాబ్ది సంవత్సరములో మనము కూడ మన ఆసుపత్రులలో, పాఠశాలలలో పాత ఫోటోలకు దండలు వేయుచున్నాము. వేయవలసినదే. దానితోపాటు ఆమెవలె మన లెక్కల పుస్తకములు కూడ తెరచి, ఎక్కడ తప్పిపోయామో చూచుకొని, పూడిన కాలువలు బాగుచేయుదము గాక.